పాత రాలీకి మళ్లీ రోడ్డు

నాటింగ్‌హామ్‌లో తయారైన పాత రాలీ సైకిల్‌ని మళ్లీ నడిపించే మెకానిక్ పనితనం దగ్గరుండి చూడాల్సిందే. తుప్పుపట్టిన మరో సైకిల్ విప్పి దానికి కావలసిన సామాను తీస్తాడు. ఏ సైకిల్ పడితే అది పనికిరాదు. మామూలు ఇంగ్లీషు సైకిళ్లలో పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్‌కి అంగుళానికి 24 త్రెడ్లుంటే, పాత రాలీకి 26. సరిపోని కప్పుని బలవంతంగా బిగిస్తే ఫ్రేములో త్రెడ్డే పోతుంది. అందుకే బాల్స్ కూర్చునే ఆ కప్పుని ముందు చేత్తో తిప్పుతాడు. సాఫీగా ఎక్కితేనే స్పానర్ అందుకుంటాడు. పెడల్ చేతిని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను బిగుసుకుపోతే దానికి నూనె పోసి, తెల్లారేదాకా ఆగుతాడు. ఆ ఓపికే అసలు విద్య! కప్పుని కిరసనాయిల్లో కడిగి, లోపల గుంటలున్నాయేమోనని గోటితో తడుముతాడు. బాగుంటేనే గ్రీజు, కొత్త బాల్స్. పాత రంగు జోలికి మాత్రం పోడు, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. మీ పెరట్లో పాత సైకిల్ ఉంటే తుక్కుకి వేయకండి, ఇలాంటి మెకానిక్‌కి ఇవ్వండి.