క్షణికావేశము: శబ్దార్థవిచారము

హత్యలను గూర్చిన వార్తలలో నేడు తఱచుగా గానవచ్చు సమాసము 'క్షణికావేశము'. మనుష్యుడు హఠాత్తుగా హింసకు దిగుటను ఈ యొక్క మాటతో జెప్పి ముగించుట పత్రికలకే గాక కథానికలకును, వానిపై వచ్చు విమర్శలకును పరిపాటియైనది. ఈ వాడుక యెంతవఱకు సమంజసమో విచారింతము.

'ఆవేశము' ప్రవేశార్థకమగు 'విశ్' ధాతువునుండి పుట్టినది. వెలుపలిది లోనికి జొచ్చుట దీని మూలార్థము. భూతావేశము, దేవతావేశము అను ప్రయోగములం దీ యర్థము నేటికిని స్పష్టము. దేశ్యమున దీనికి సాటి 'పూనకము'. 'అమ్మవారు పూనినది' అన్నచో కర్త అమ్మవారు. మనుష్యుడు కేవల మాశ్రయము. 'కవితావేశ' మనునపుడును కవి వశమున లేని శక్తి యేదో యాతనిచే బలికించినదనియే తాత్పర్యము.

దీనికి సమీపమున నున్న రెండు మాటలను వేఱుగా గుర్తింపవలయును. 'ఆవేగము' 'విజ్' ధాతుజన్యము. నాట్యశాస్త్రము పేర్కొన్న 33 వ్యభిచారిభావములలో నొకటి. గాలివాన, అగ్ని, ఏనుగు చెలరేగుట, ప్రియాప్రియవార్తలు వినుట మున్నగునవి దీనికి విభావములు. అది తొట్రుపాటే కాని హింస కాదు. 'ఉద్రేకము' 'రిచ్' ధాతుజన్యము. మిక్కుటమగుట దాని యర్థము. ఆలంకారికుల 'సత్త్వోద్రేకము'నం దున్నదిదియే. లోన నున్నదే హద్దు మీఱుట యుద్రేకము. లేనిది వచ్చి చేరుట యావేశము.

శబ్దములు వ్యుత్పత్తికి గట్టుబడి యుండవనియు, వ్యవహారమే ప్రమాణమనియు నెవరైన ననవచ్చును. నిజమే. కాని మా యాక్షేపము వ్యుత్పత్తిపై గాదు, వాక్యముపై. 'కోపించి చంపెను' అనునపుడు కోపించినవాడును జంపినవాడును ఒక్కడే. 'క్షణికావేశములో హత్య జరిగినది' అనునపుడు కర్త లోపించినాడు. అంతియ కాదు, 'క్షణిక' విశేషణము, ఋజువు కావలసిన కాలపరిమితిని ముందే నిర్ణయించుచున్నది.

న్యాయశాస్త్ర మిచ్చట మనకంటె నెక్కువ జాగ్రత్త వహించినది. తీవ్రమును ఆకస్మికమును నగు ప్రేరేపణచే ఆత్మనిగ్రహము గోల్పోయినవానికి భారత శిక్షాస్మృతి 300వ సెక్షను మినహాయింపు నొసగెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 101వ సెక్షనున దానిని నిలిపినది. నానావతి కేసున 1961లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును నిరాకరించెను. భార్య చెప్పిన మాట విన్న పిదప నతడు ఆమెను బిడ్డలను సినిమాకు జేర్చి, ఓడనుండి రివాల్వరు దెచ్చుకొనెను. నడుమ సుమారు మూడు గంటలు గడచెను. ఆ గంటలను లెక్కించుటయే న్యాయము. 'క్షణికావేశ' మనుట యా లెక్కను జెఱిపివేయుట. ఏండ్ల తరబడి భార్యను గొట్టినవాడు తుద కామెను జంపినపుడును ఈ మాటయే వాడుట మఱింత యన్యాయము.

కావున కాలము నెఱుగకయే 'క్షణిక' మనరాదు. కర్త యెదుట నుండగా 'ఆవేశ' మనరాదు. లోని క్రోధము హద్దు మీఱినచో 'ఉద్రేక' మనవచ్చును. 'కోప' మనుట యింకను మేలు. ఆవేశమును పూనకమునకును, గవిత్వమునకును విడిచిపెట్టుట యుచితమని మా యభిప్రాయము.