సూక్ష్మ అర్ధశిల్పాలలో లోహకవచ చిత్రణ: వాస్తవికత - పరిశీలన

1. ఉపోద్ఘాతం

చారిత్రక యోధుని రూపాన్ని తల నుంచి ఛాతీ వరకు రెజిన్‌తో పోతపోసి, రంగులద్దే చిన్న శిల్పాన్ని మినియేచర్ బస్ట్ అంటారు. వీటిలో చాలావాటి పరిమాణం అసలు రూపంలో సుమారు పదో వంతు. చిత్రకారునికి ఇందులో కఠినమైన పరీక్ష కవచమే. మెరుగుపెట్టిన ఉక్కుకు సొంత రంగు తక్కువ. చుట్టూ ఉన్న ఆకాశాన్ని, నేలను అది ప్రతిబింబిస్తుంది. ఇటువంటి కవచ చిత్రణలో వాస్తవికతకు ఆధారమేమిటో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. రెండు పద్ధతులు

లోహపు పొడి లేదా అభ్రకం కలిసిన రంగులు వాడటం మొదటి పద్ధతి. మామూలు రంగులతోనే మెరుపు భ్రమను కలిగించడం రెండవది. రెండవదానికి పాత సమర్థన ఉంది. బంగారాన్ని చిత్రించేటప్పుడు బంగారు రేకును అతికించడం కంటే, రంగులతో ఆ కాంతిని సాధించడమే ప్రశంసనీయమని 1435లో ఆల్బెర్టి తన చిత్రకళా గ్రంథంలో వాదించాడు. టిషియన్ 1548లో చిత్రించిన చక్రవర్తి ఐదవ చార్లెస్ అశ్వారూఢ చిత్రం ఇందుకు నిదర్శనం. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్న ఆ పటంలో ఉక్కు మెరుపంతా రంగులతో సాధించినదే.

అయితే పటానికి చెల్లిన వాదం శిల్పానికి పూర్తిగా చెల్లదు. పటంలోని వెలుగు పటానికే చెందుతుంది. బస్టును మాత్రం చుట్టూ తిప్పి చూస్తారు. అప్పుడు నిజమైన లోహంపై మెరుపు జారుతుంది. గీసిన మెరుపు ఉన్నచోటే ఉండిపోతుంది. ఒక కోణంలో ఉక్కుగా తోచినది మరో కోణంలో తెల్లచారగా మిగులుతుంది. లోహపు రంగుకూ పరిమితి ఉంది. చిన్న వంపుపై అది దాదాపు ఒకే బూడిద రంగుగా కనిపిస్తుంది. ఆకాశపు వెలుగు, నేల నీడ స్పష్టంగా విడివడవు. కాబట్టి లోహపు రంగుపై మెరుపులేని ముదురు రంగులను పలుచని పూతలుగా వేసి నీడలను నిలిపి, మెరుపును అసలు కాంతికి వదిలే మిశ్రమ పద్ధతే బస్టుకు తగినది.

3. కవచ చరిత్ర

పద్ధతి కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ కవచం అసలు ఎంత మెరిసేది? మ్యూజియాలలో నేడు తళతళలాడే ఐరోపా కవచాలలో అనేకం మొదట అలా లేవు. వేడిచేసి నీలి లేదా గోధుమ రంగు తెప్పించినవి, నల్లరంగు పూసినవి వాటిలో ఉన్నాయి. తరువాతి కాలంలో తుప్పు వదిలేలా తోమినప్పుడు ఆ పైపొర పోయింది. ఆ మెరుపునే అనుకరించిన బస్టు యోధుని కాలానికి బదులు, తోమినవారి కాలాన్ని చూపుతుంది.

1547 నాటి మ్యూల్‌బర్గ్ యుద్ధంతో ముడిపడిన చార్లెస్ కవచం మాడ్రిడ్ రాజ ఆయుధాగారంలో ఉంది. దాని ఉక్కుపై బంగారు పూత పట్టీలున్నాయి. ఉక్కు నీడకు వాడిన నలుపునే ఆ పట్టీలకూ వాడితే బంగారం చచ్చుబడుతుంది. దాని నీడ ముదురు గోధుమ రంగులోకి దిగాలి. అరుగుదల విషయమూ ఇంతే. అంచులు, అతుకులు ఒరుసుకుని మెరుస్తాయి. తడి నిలిచే సందుల్లో తుప్పు పుడుతుంది. సేవకులు తుడిచి నూనె రాసే చక్రవర్తి కవచంపై తుప్పును ఎక్కడపడితే అక్కడ చల్లడం అనౌచిత్యం.

4. ముగింపు

కవచ చిత్రణలో వాస్తవికతను మెరుపు పరిమాణంతో కొలవలేం. ఆ లోహం ఏది, దాని పైపూత ఏది, దానిని ఎవరు ధరించారు, ఎవరు కాపాడారు అన్న ప్రశ్నలకు ప్రతి పూతా సమాధానం చెప్పగలగాలి. అలా చెప్పగలిగిన బస్టు, మెరుపు తక్కువైనా, చరిత్రకు దగ్గరగా ఉంటుంది.