‘ఒకనికొకడు’, ‘ఒకరికొకరు’: ఎఫెసీ 5:21 అనువాదముపై ఒక పరిశీలన

ఇంగ్లీషు వ్యాకరణంలో పరస్పర సంబంధాన్ని తెలిపే మాటలు రెండు: ‘ఈచ్ అదర్’, ‘వన్ అనదర్’. మొదటిది ఇద్దరికి, రెండవది అంతకు మించినవారికి అని బడిలో నేర్చుకున్నాము. ఈ సూత్రాన్ని వాక్య వ్యాఖ్యానానికి ఆధారం చేసుకొనేవారున్నారు. ఎఫెసీ 5:21లో ఇంగ్లీషు బైబిళ్ళు ‘వన్ అనదర్’ అంటున్నవి గనుక ఆ లోబడుట సంఘానికే గాని భార్యాభర్తలకు చెందదని వారి వాదన. ఈ వాదన నిలువదని మా అభిప్రాయము.

ఆ సూత్రం ఇంగ్లీషులోనే స్థిరమైనది కాదు. ఫౌలర్ 1926లో ప్రచురించిన వాడుక నిఘంటువులో దానిని నిరాకరించాడు. ఇక గ్రీకులో ఇద్దరికైనా అనేకులకైనా ‘అల్లేలోన్’ అనే మాట ఒక్కటే. క్రొత్త నిబంధనలో అది సుమారు 100 సార్లు వస్తుంది. 1 కొరింథీ 7:5లో పౌలు దానిని భార్యాభర్తలకే వాడాడు.

మన పాత అనువాదము సంగతి వేరు. అక్కడ చిక్కు సంఖ్యలో లేదు, లింగములో ఉన్నది. 1 కొరింథీ 7:5లో ‘ఒకరినొకరు’ అన్న అనువాదకులు ఎఫెసీ 5:21లో ‘ఒకనికొకడు’ అన్నారు. యోహాను 13:34లో ‘ఒకరినొకరు’ అని, మరుసటి వచనంలోనే ‘ఒకడు’ అన్నారు. కనుక వారు సిద్ధాంతభేదమేదీ ఉద్దేశించలేదు. ఆనాటి వ్రాతలో ‘ఒకడు’ మనుష్యులందరికీ చెల్లింది. నేటి శ్రోతకు మాత్రం అది పురుషుని మాటగానే వినబడుతుంది. స్త్రీ తనకు చెప్పబడిన మాట 22వ వచనంతోనే మొదలవుతుందని తలంచుతుంది. పురుషుడు 21వ వచనంలో తన భార్యను చూడడు.

అయితే పపైరస్ 46లోను, వాటికన్ ప్రతిలోను 22వ వచనానికి వేరే క్రియ లేదు. 21లోని క్రియతోనే అది పూర్తవుతుంది. 21ని విడిచి 22తో ప్రారంభించే పెండ్లి ప్రసంగం వాక్యాన్ని సగానికి కోసినట్టే.

తెలుగు పదనిర్మాణంలో ఒక మేలున్నది. గ్రీకు ‘అల్లేలోన్’కు ప్రథమా విభక్తి లేదు. మన ‘ఒకరికొకరు’లో మొదటి ‘ఒకరు’ విభక్తి పొందుతుంది, రెండవది కర్తగా నిలుస్తుంది. పొందేవారు, చేసేవారు ఇద్దరూ ఒకే మాటలో కనబడతారు.

ఉప్పల్, నాచారం, పీర్జాదిగూడ ప్రాంతపు సంఘాలలో ఇంగ్లీషు, తెలుగు బైబిళ్ళను ప్రక్కప్రక్కన తెరచి చదివే యౌవనస్థులున్నారు. వారి ఎదుట పాత అనువాదాన్ని మార్చనక్కరలేదు. చదివి, ‘ఒకరికొకరు’ అని వివరించి, ఆ తరువాతనే 22కు పోవడం బోధకుని విధి. చక్కగా కాపురం చేసేవారిని మనవారు ‘అన్యోన్యంగా ఉన్నారు’ అంటారు. ‘అల్లేలోన్’ వలెనే ‘అన్యోన్య’ కూడా ‘ఇతరుడు’ అనే మాటను రెండుసార్లు చేర్చగా ఏర్పడినదే. పెండ్లి పీట యొద్ద పౌలు మాటను వివరించడానికి ఇంతకంటె దగ్గరి మాట మనకు దొరకదు.