రేటు కోసం ఆగడం

రేటు కోసం ఆగడం నేను నాన్న దగ్గరే నేర్చుకున్నాను. కళ్లంలో తేజ రకం మిర్చి కాయ ఎండాక ఒకటి తీసి చెవి దగ్గర ఆడించేవాడు. గింజలు గలగలమంటే తేమ పోయినట్టు. కొన్ని టిక్కీలు, అంటే బస్తాలు, గుంటూరు యార్డుకు, మిగతావి ఏసీకి. కోల్డ్ స్టోరేజీని మా వైపు అలాగే అంటారు. రసీదు బీరువాలో పెట్టి, రేటు పెరిగేదాకా ఎదురుచూపు.

నేను ఎదురుచూసేది రేటు తగ్గడం కోసం, అదీ వీడియో గేములకు. 2015 నవంబరులో గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్ రూపాయల్లో ధరలు చూపించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఏ వీడియో గేమూ వచ్చిన రోజున కొనలేదు. విష్‌లిస్టులో పెట్టుకుని వేసవి సేల్ దాకా, లేదంటే డిసెంబరు సేల్ దాకా ఆగుతాను.

మిర్చి రేటు ఎందుకు పడుతుందో మాకు తెలుసు. ఏసీలో ఉన్నకొద్దీ కాయ రంగు తగ్గుతుంది, అద్దె, వడ్డీ పెరుగుతాయి, ఈలోగా కొత్త పంట వచ్చి పడుతుంది. గేముకు ఆ బాధల్లేవు. పురుగు పట్టదు, ఎంతమందికి అమ్మినా సరుకు తరగదు. అయినా 2015 మేలో వచ్చిన 'విచర్ 3' నాలుగేళ్లకే సేల్‌లో మొదటి ధరలో పావు వంతుకు దొరికింది. మొదటి రోజే ఆడాలని తపించేవాళ్లు పూర్తి ధర పెడతారు. వాళ్లు కొనేశాక నాలాంటివాళ్ల కోసం ధర మెట్టు మెట్టుగా దిగుతుంది. ఎలాగూ దిగుతుందని తెలిసేసరికి ఆగేవాళ్లు ఇంకా పెరుగుతారు.

దిగనివీ ఉన్నాయి. నింటెండో 2017లో తెచ్చిన 'మారియో కార్ట్ 8 డీలక్స్' ఏళ్లు గడిచినా 60 డాలర్ల దగ్గరే నిలబడింది. నాకు ఎక్కువ గౌరవం మాత్రం ఫ్యాక్టరీ కట్టే గేము 'ఫ్యాక్టోరియో' మీద. దాన్ని చేసింది చెక్ దేశంలోని ఓ చిన్న బృందం. సేల్ అన్నదే పెట్టబోమని ముందే చెప్పేశారు. 20 డాలర్లున్న ధరను 2018లో 30 చేశారు, 2023 జనవరిలో 35 చేశారు. ఆగితే నష్టపోయేది కొనేవాడే. నేను పూర్తి ధర పెట్టి కొన్న గేము అదొక్కటే. ఆ డబ్బు గురించి ఒక్కరోజూ బాధపడలేదు.

యార్డులో ఇలా నిలబడగలిగిన రైతును నేను చూడలేదు. మచ్చు చూసి రేటు చెప్పేది కొనేవాడే. రెండేళ్ల ముందు క్వింటాలు 20 వేలు దాటిన కాయకు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం రైతును ఆదుకోడానికి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సిన పరిస్థితి వచ్చింది. ఏసీ రసీదు చేతిలో ఉన్నా, నిలబడే శక్తి మాత్రం అప్పు ఇచ్చినవాడి దయ మీదే ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఓ రాత్రి నేను ఫ్యాక్టోరియో ఆడుతుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎంతకు కొన్నావురా? తగ్గేదాకా ఆగలేదా?"

"వీళ్లు తగ్గించరు నాన్నా."

"ఎవరికీ?"

"ఎవరికీ."

స్క్రీను మీద బెల్టుల వెంట కదులుతున్న ఇనుప పలకల్ని కాసేపు అలాగే చూశాడు. ఎంతమంది కలిసి చేశారని అడిగాడు, ఎన్నేళ్లు పట్టిందని అడిగాడు. తర్వాత లేచి, మర్నాటి రేటు కనుక్కోడానికి కమీషన్ కొట్టుకు ఫోన్ చేశాడు.