పేరు క్రియగా మారితే: మెర్లయన్ నుంచి మన్కడ్ దాకా

సింహం తల, చేప తోక కలిగిన మెర్లయన్ విగ్రహాన్ని 1972 సెప్టెంబరు 15న నాటి ప్రధాని లీ క్వాన్ యూ సింగపూరు నదీముఖం వద్ద ఆవిష్కరించారు. శిల్పి లిమ్ నాంగ్ సెంగ్ మలచిన ఆ 8.6 మీటర్ల మూర్తి నోటి నుంచి ధారగా నీరు చిమ్ముతూ ఉంటుంది. దేశానికి చిహ్నంగా నిలవాలని ప్రభుత్వం పెట్టిన ఆ పేరును సింగ్లీష్ మాట్లాడే జనం మరో పనికి వాడుకున్నారు. తాగింది ఎక్కువై ధారగా వాంతి చేసుకోవడాన్ని 'మెర్లయన్' అనే క్రియతో చెప్పడం ఇక్కడి వాడుక.

ఇదే నగరంలో మరో పేరు సంగతి చూడండి. 1819లో ఇక్కడ అడుగుపెట్టిన స్టాంఫర్డ్ రాఫెల్స్ పేరు మీద కూడలి ఉంది, హోటలు ఉంది, విద్యాసంస్థ ఉంది. సుమత్రా అడవుల్లో పూసే అతిపెద్ద పువ్వు పేరు రఫ్లీషియా. ఇన్నిచోట్ల వెలసిన ఆ పేరు ఒక్కచోట కూడా క్రియ కాలేదు. గౌరవించదలచినవారి పేరును జనం నామవాచకంగా ఉంచుతారనీ, నవ్వదలచినా నిందించదలచినా క్రియగా మారుస్తారనీ ఈ రెండు ఉదాహరణలు సూచిస్తాయి. ఈ సూచన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంగ్లీషులో నామవాచకానికి ఏ ప్రత్యయమూ చేర్చకుండానే క్రియగా వాడే వీలుంది. విభక్తి ప్రత్యయాలు చాలావరకు రాలిపోయిన భాష కనుక, వాక్యంలో పదం ఉన్న చోటే అది నామమో క్రియో చెబుతుంది. దీనికి తోడు 'ఐజ్' అనే ప్రత్యయం ఒకటుంది. శాస్త్రజ్ఞుల పేర్లు ఎక్కువగా ఈ ప్రత్యయంతోనే క్రియలయ్యాయి. పాల ప్యాకెట్టు మీద లూయీ పాశ్చర్ ఉన్నాడు. మన ఊళ్లలో జి.ఐ. పైపు అని పిలిచే గొట్టంలో, ఆ 'జి' అక్షరం వెనుక, ఇటలీ వైద్యుడు లూయిజీ గాల్వానీ ఉన్నాడు. వీటిలో నింద లేదు. కాబట్టి పై సూత్రానికి ఒక సవరణ అవసరం: పద్ధతిని కనిపెట్టినవారి పేరు క్రియ అయితే అది వట్టి సాంకేతిక పదంగా మిగులుతుంది; నడవడి కారణంగా పేరు క్రియ అయితే అది తీర్పు అవుతుంది.

ఆ తీర్పు ఎప్పుడూ న్యాయంగా ఉంటుందని చెప్పలేం. 'బౌడ్లరైజ్' అంటే గ్రంథంలో అసభ్యమని తోచిన భాగాలను కత్తిరించడం. షేక్‌స్పియర్ నాటకాలకు కుటుంబ ప్రతిని 1818లో తన పేరుతో ప్రకటించిన థామస్ బౌడ్లర్ ఈ క్రియకు మూలపురుషుడు. అయితే 1807లో పేరు లేకుండా వెలువడిన తొలి కూర్పు అతని సోదరి హెన్రియెటా చేసినది. క్రియ సోదరుడికి అపకీర్తిని మిగిల్చింది. సోదరిని పూర్తిగా చెరిపేసింది.

బాయ్‌కాట్ చరిత్ర ఇంతకంటే వింతైనది. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో చార్లెస్ బాయ్‌కాట్ ఒక ప్రభువు భూములకు ఏజెంటు. కౌలు తగ్గించమన్న రైతుల మీదికి ఖాళీ నోటీసులు పంపినందుకు ఊరంతా అతన్ని వెలివేసింది. కూలీలు పనికి రాలేదు, దుకాణదారులు సరుకులు ఇవ్వలేదు. బయటినుంచి యాభైమందిని తెచ్చి, సైన్యం కాపలాలో పంట తీయించవలసి వచ్చింది. ఆ ఏడాది ముగిసేలోగా అతను ఐర్లండు విడిచాడు, అతని పేరు పత్రికలకెక్కింది. కాలు శతాబ్దం తిరిగేసరికి అదే మాట 1906 కలకత్తా కాంగ్రెసు తీర్మానాల్లో వినిపించింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చే నాటికి ఆంధ్ర యువకుల నోట అది స్వదేశీ ఆయుధం. 1937 తరువాత సింగపూరు చైనీయులు జపాను సరుకుల మీద అదే ఆయుధం పట్టారు. వాడినవారికి ఆ మాట గౌరవం తెచ్చింది కనుక అందులోని మనిషి మరుగున పడ్డాడు, అతని మీది నిందా మాసిపోయింది.

మన భాషలు ఇటువంటి పేర్లను ఎలా మలుచుకున్నాయో ఇక్కడ చూడాలి. సంస్కృత వ్యాకరణంలో నామధాతువులు ఉన్నాయి. పాణినీయులు 'విష్ణూయతి' అన్న రూపాన్ని సాధిస్తారు. ఒకరిని విష్ణువులా భావించి ఆదరించడం దాని అర్థం. 'కృష్ణాయతే' అంటే కృష్ణుడిలా ప్రవర్తించడం. సూత్రంలోనే ఉపమానం ఉంది. పేరు క్రియ అయినా 'వలె' అన్న అర్థం అందులో నిలిచే ఉంటుంది. తెలుగులో ప్రేమ నుంచి ప్రేమించు వచ్చినా, భగీరథుడి నుంచి 'భగీరథించు' రాలేదు. భగీరథ ప్రయత్నం అంటాం, శల్య సారథ్యం అంటాం, కుంభకర్ణుడి నిద్ర అంటాం. పేరు పేరుగానే ఉండి, పక్కనున్న మాట కథను గుర్తుచేస్తుంది. ఇంగ్లీషు క్రియ మన దగ్గరికి వచ్చినా మళ్లీ నామమై 'చేయు'కు ముందు కూర్చుంటుంది: బాయ్‌కాట్ చేశారు, గూగుల్ చేయండి.

ఉపమానం లేని క్రియ ఎంత బరువైనదో వినూ మన్కడ్‌కు జరిగినదాన్ని బట్టి తెలుస్తుంది. స్వతంత్ర భారత జట్టు తొలి విదేశీ పర్యటనలో, 1947 డిసెంబరు 13న, సిడ్నీ టెస్టులో బంతి వేయకముందే గీత దాటిన బిల్ బ్రౌన్‌ను మన్కడ్ రనౌట్ చేశాడు. అదే పర్యటనలో అంతకుముందు జరిగిన మ్యాచ్‌లో బ్రౌన్‌ను ఒకసారి హెచ్చరించాడు కూడా. చేసిన పని నియమబద్ధం. ప్రత్యర్థి నాయకుడు బ్రాడ్‌మన్ తన ఆత్మకథలో మన్కడ్‌నే సమర్థించాడు. అయినా క్రియ అయినది గీత దాటినవాడి పేరు కాదు. ఆ పేరే పెట్టాలంటే బ్రౌన్ పేరు పెట్టండని సునీల్ గావస్కర్ అన్నది ఇందుకే.

మన్కడ్ 44 టెస్టుల్లో 2,109 పరుగులు చేశాడు, 162 వికెట్లు తీశాడు. 1952లో లార్డ్స్‌లో ఒకే టెస్టులో 72, 184 పరుగులు చేసి, అయిదు వికెట్లు కూడా పడగొట్టాడు. 1956లో మద్రాసులో పంకజ్ రాయ్‌తో కలిసి నెలకొల్పిన 413 పరుగుల తొలి వికెట్టు రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. ముంబయిలో ఒక వీధికి ఆయన పేరుంది, అండర్-19 ట్రోఫీకి ఆయన పేరుంది. ఇవన్నీ నామవాచకాలు. ప్రపంచానికి తెలిసినది మాత్రం క్రియ.

బాయ్‌కాట్‌కు దొరికిన మరుపు మన్కడ్‌కు ఎందుకు దొరకలేదు? వాడినవారెవరికీ ఆ మాట గౌరవం తేలేదు. 2019లో జైపూరులో అశ్విన్ జాస్ బట్లర్‌ను, 2022లో లార్డ్స్‌లో దీప్తి శర్మ చార్లీ డీన్‌ను ఇలా అవుట్ చేసినప్పుడు, ఆ క్రియ ప్రతిసారీ ఆరోపణగానే పలికింది. ఆరోపణ సజీవంగా ఉన్నంతకాలం అందులోని మనిషికి విడుదల లేదు.

ఎం.సి.సి. 2022 అక్టోబరు నుంచి అమలైన సవరణతో ఈ అంశాన్ని అనుచిత క్రీడకు సంబంధించిన 41వ నియమం నుంచి తప్పించి, రనౌట్ గురించిన 38వ నియమంలో చేర్చింది. చట్టం తన పొరపాటు దిద్దుకుంది. దిద్దుకోవలసినది ఇక వాడుక. సింగపూరులో, సిడ్నీలో, డల్లాస్‌లో శనివారాలు క్రికెట్ ఆడే మనవాళ్లకు ఇది దూరపు విషయం కాదు. స్కోరు పుస్తకంలో రాసే 'రనౌట్' అన్న మాట నోటితోనూ అంటే సరిపోతుంది. పిల్లవాడు మన్కడ్ అంటే ఏమిటని అడిగినప్పుడు, అది ఒక మనిషి పేరని చెప్పి, లార్డ్స్‌లో 184 పరుగుల సంగతితో మొదలుపెట్టవచ్చు.