పాత్రధారణ క్రీడలలో రాక్షస కల్పన – కోలారు సీమ

పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును. మేకలు కూడి పులిని కదలనీయక కట్టివేయును. పులికి కోఱలున్నవని పటమున వ్రాయ నక్కఱలేదు. దుమికెడి హక్కే దాని కోఱ. ఆటలలో రాక్షస కల్పనను గూర్చి విచారించువారికి ఇది మొదటి పాఠము.

1974లో అమెరికాయందు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను వెలువరించిరి. ఇందు ఆటగాండ్రు వీరులుగను, మాంత్రికులుగను పాత్రలు ధరింతురు. ఒకరు కథ నడుపుదురు. సందేహస్థలమున పాచికలు తీర్పు చెప్పును. ముద్రిత నియమములతో తృప్తిపడక, ఆడువారు తమ యింట తామే క్రొత్త నియమములను, క్రొత్త భూతములను కల్పించుకొనుట తొలినాటినుండియు నున్న ఆచారము. ఆ కల్పనలలో గట్టి యేది, తాలు ఏది అను ప్రశ్న విమర్శకు తగినదే.

మన రాక్షసుడు ఈ క్రీడలోనికి 1975లోనే ప్రవేశించెను. 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో అతనికి పులితల గీయబడినది. అతడు ఆప్తుని రూపు దాల్చి దరిజేరును. దీవింపబడిన బాణము తగిలిన చచ్చును. 1974లో అమెరికా టెలివిజనున ప్రసారమైన యొక కథయందును ఈ లక్షణములే కానవచ్చును. రూపము మార్చుట మనకు క్రొత్త గాదు. మారీచుడు లేడియయ్యెను, రావణుడు యతియయ్యెను. కాని ఆ బాణపు నియమమునకు మన కథలలో వేరు లేదు. మన రాక్షసుని చావు అతని వరములోనే దాగియుండును. హిరణ్యకశిపుడు పగలు గాని రేయి గాని, ఇంట గాని బయట గాని, నరునిచే గాని మృగముచే గాని చావకుండునట్లు కోరుకొనెను. నరసింహుడు ఆ మాటలలో నొక్కదానిని మీఱకయే, సంధ్యవేళ గడపమీద వానిని చీల్చెను. వరము నియమము, దానియందలి సందును కనుగొనుట కథ. ఇంత చక్కని సూత్రము చేతనుండగా పులితలతో సరిపెట్టుకొనుట పేదఱికము.

అట్లని పురాణమున లేనిదెల్ల అన్యమనుట తగదు. 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యంగారు ‘చందమామ’లో వ్రాసిన ధారావాహికలలోని వింతజీవులు పెక్కు క్రొత్త సృష్టులే. తెలుగు పిల్లలు వానిని తమవిగానే స్వీకరించిరి.

ఇక కోలారు సీమకు వత్తము. కోలారమ్మ గుడియందు చేళమ్మ యను తేళ్ళ దేవత కలదు. కన్నడపు చేళు, తెలుగు తేలు ఒకే మూలమునుండి వచ్చిన మాటలు. ఆమెను కొలిచినవారికి తేలుకాటు భయముండదని నమ్మిక. ఇచ్చట భయము, మ్రొక్కు, రక్షణ ఒకే కట్టుబాటున ముడివడినవి. ఏనుగంత తేలును కల్పించి, కత్తి యెన్ని వేటులకు చచ్చునో లెక్కవ్రాసిన అది ఏ దేశపు తేలైనను కావచ్చును. మ్రొక్కు చెల్లించినవారిని విడుచునది, ఎగవేసినవారిని వెదకి కుట్టునది అనినచో అది కోలారు తేలగును.

బంగారు గనుల విషయము ఇంతకన్న జాగ్రత్త కోరును. ఈ క్రీడకు పుట్టినిల్లు భూగర్భపు గదులు. లోతు పెరిగినకొలది ఘోరభూతములు తారసపడుట దాని సంప్రదాయము. 1880ల నుండి జాన్ టేలర్ సంస్థ త్రవ్వించిన ఈ గనులలో ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతు చేరెను. 2001లో గనులు మూతపడినవి. దిగినకొలది ఉక్క పెరిగెను. ఒత్తిడికి తాళలేక రాళ్ళు ఫెళ్ళున పగిలి తమిళ, తెలుగు కూలీల ప్రాణములు తీసెను. అట్టిచోట ఒక రక్కసిని నిలిపి చావులన్నియు దాని పద్దున వ్రాసినచో, అంత లోతు త్రవ్వించిన దెవరు, లాభము పొందిన దెవరు అను ప్రశ్నలు మఱుగుపడును. మెట్టు దిగినకొలది పాచికల గండము పెరుగవలెను, కూలియు పెరుగవలెను. వెనుకకు మరలినవాడు కూలి కోల్పోవలెను. ఈ నియమమొక్కటి యున్న చాలును, కొమ్ములు కోఱలు లేకయే భయము పుట్టును.

ఇది వట్టి ఆటయే కదా యని కొందఱందురు. కాని ఈ ఆట సాగునది మాటతో. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు వినుచు పెరుగు కోలారు బిడ్డకు తెలుగు అమ్మతో అన్నమడుగుటకు మాత్రమే మిగులు ప్రమాదము కలదు. “ఇట్లయిన నేమగును? ఏల కాకూడదు?” అని నియమమును గూర్చి తెలుగున తగవులాడిన బిడ్డకు ఆ భాష ఆలోచించు భాషయు నగును. పటము గీయుటకు ఒక కాగితము, రెండు పాచికలు చాలును. మాటలు ఇంటనే యున్నవి.