పదిహేను వేల పాయింట్ల రాత్రి

మారియట్ బాన్‌వాయ్ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు క్రెడిట్ కార్డు 2023 ఆగస్టులో వచ్చింది. హోటల్ పేరు మీద మన దేశంలో వచ్చిన తొలి కో-బ్రాండ్ కార్డు ఇదేనని అప్పట్లో ప్రకటించారు. ఏడాది ఫీజు 3,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 3,540. ఆ ఫీజుకు బదులుగా చేతికి వచ్చేది ఒక రాత్రి. 15,000 పాయింట్లు, అంతకు తక్కువ ధర పలికే మారియట్ హోటల్‌లో ఒక రాత్రి ఉచితంగా ఉండొచ్చని రాసిచ్చిన సర్టిఫికెట్ అది. ఏటా కార్డు రెన్యువల్ అయినప్పుడు మళ్లీ ఒకటి వస్తుంది. క్రెడిట్ కార్డు నిబంధనలను ఇష్టంగా చదివేవాళ్లు అరుదు. నేను ఇష్టంగానే చదివాను. అన్ని షరతుల్లోనూ నన్ను కట్టిపడేసింది ఈ ఒక్క రాత్రే. దాన్ని రూపొందించినవాళ్ల పనితనం పాఠకులకు దగ్గరగా చూపించాలని ఈ వ్యాసం.

ముందు హోటల్ గది సంగతి. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపు అమ్ముకునే వీల్లేదు. పొద్దుగూకే వేళకు రైతు బజారులో మిగిలిపోయిన తోటకూర కట్టకూ దానికీ తేడా లేదు. అలాగని రిసెప్షన్ దగ్గర బోర్డు పెట్టి సగం ధరకు ఇచ్చేస్తే, నిన్న పూర్తి ధర కట్టినవాడు రేపటి నుంచి బేరం మొదలుపెడతాడు. అంటే మిగిలిన గదిని ధర తగ్గినట్టు కనపడకుండా ఇవ్వాలి. పాయింట్లు తీర్చేది ఆ అవసరాన్నే.

డబ్బు నడిచే దారి ఇలా ఉంటుంది. మీరు కార్డు గీకిన ప్రతిసారీ వ్యాపారి నుంచి బ్యాంకు వైపు కొంత కమీషన్ చేరుతుంది. కార్డు మీద మీకు ఇస్తానన్న పాయింట్లను బ్యాంకు హోటల్ సంస్థ దగ్గర డబ్బిచ్చి కొంటుంది. ఆ డబ్బు ఒక నిధిలో జమవుతుంది. మీరు పాయింట్లతో గది తీసుకున్న రాత్రికి ఆ నిధిలోంచి ఆ హోటల్ యజమానికి చెల్లిస్తారు. హోటల్ సగం ఖాళీగా ఉన్న రోజున ఆ చెల్లింపు చిన్నదే, గది శుభ్రం చేసే ఖర్చుకు కాస్త పైన. దాదాపు నిండిపోయిన రోజున మాత్రం మామూలు అద్దెకు దగ్గరగా ముడుతుంది. నిండు రోజున యజమాని నష్టపోడు. ఖాళీ రోజున వచ్చిందే లాభం. బ్యాంకు, హోటల్ సంస్థ, భవనం యజమాని, కార్డుదారు నలుగురూ ఒకే గదికి నాలుగు వేర్వేరు లెక్కలు వేసుకుని, నలుగురూ తృప్తి పడే ఏర్పాటు ఇది.

ఇది కాగితం మీది తెలివి మాత్రమే కాదని 2020 రుజువు చేసింది. కరోనాతో ప్రపంచమంతా హోటళ్లకు తాళాలు పడ్డాయి. ఆ ఏప్రిల్‌లో హిల్టన్ వంద కోట్ల డాలర్ల పాయింట్లను అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు ముందుగానే అమ్మింది. మే నెలలో మారియట్ తన కార్డు భాగస్వాములైన జేపీ మోర్గాన్ చేజ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌లతో ఒప్పందాలను సవరించుకుని 92 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. గదులన్నీ ఖాళీగా ఉన్న రోజుల్లో, ముందు ముందు ఎప్పుడో ఇవ్వబోయే గదుల మాట మీద అంత డబ్బు పుట్టింది.

అంత నమ్మకం రాత్రికి రాత్రే రాలేదు. విమానాల వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం తెచ్చింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ దాన్ని హోటళ్లకు తెచ్చాయి. 1987లో హిల్టన్ చేరింది. 1999లో స్టార్‌వుడ్ వాళ్లు ‘ఫలానా తేదీల్లో పాయింట్లు చెల్లవు’ అనే అడ్డును ఎత్తేశారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నింటికన్నా మర్యాదైన నిర్ణయం అదే. 2016లో మారియట్ స్టార్‌వుడ్‌ను కొనేసింది. రెండు సంస్థల పథకాలూ కలిసి 2019లో బాన్‌వాయ్ అనే పేరు కిందికి వచ్చాయి.

ఇక మన సర్టిఫికెట్ దగ్గరికి వద్దాం. 15,000 అన్న పరిమితిలోనే అసలు మెలిక ఉంది. 2022 మార్చికి ముందు మారియట్‌లో ఏ హోటల్‌కు ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక ఉండేది. తర్వాత దాన్ని తీసేశారు. ఇప్పుడు పాయింట్ల ధర రోజును బట్టి మారుతుంది. మంగళవారం 22,000 పలికిన గది శనివారం 14,000కు దొరకొచ్చు. మరి 15,500 పలికిన రోజున సర్టిఫికెట్ చెల్లని కాగితం అయిపోవాలి కదా. ఈ ఇబ్బందికి వాళ్లు చూపిన పరిష్కారం చాలా అందమైనది. మీ ఖాతాలోని సొంత పాయింట్లను 15,000 వరకు సర్టిఫికెట్‌కు జోడించుకోవచ్చు. దాంతో 30,000 పాయింట్ల గది దాకా ఆ కాగితం చేయి చాస్తుంది. 27,000 పాయింట్ల గదికి మీ దగ్గర నుంచి పోయేది 12,000 మాత్రమే. ఒక్క చిన్న సవరణతో సర్టిఫికెట్‌కూ పాయింట్లకూ ముడి పడింది. పాయింట్లు లేనివాళ్లకు సర్టిఫికెట్ సగమే పనికొస్తుంది కాబట్టి, కార్డు వాడి పాయింట్లు కూడబెట్టాలన్న ఆశ దానంతటదే పుడుతుంది.

ధర మారడాన్ని చాలామంది తిట్టుకుంటారు. తిట్టుకోవడంలో న్యాయం ఉంది, ఖరీదైన రిసార్టుల్లో ధరలు అందనంత ఎత్తుకు పోయాయి. కానీ కదిలే ధరలో ఓపిక ఉన్నవాడికి చోటుంది. బుకింగ్ యాప్‌లో తేదీలు సర్దుకోగలమని నొక్కితే నెల మొత్తం క్యాలెండర్‌లా పరుచుకుంటుంది, ఒక్కో గడిలో ఆ రోజు పాయింట్ల ధర. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు హోటళ్లకు ఆ క్యాలెండర్ తెరిచి చూడండి. షెరటన్, వెస్టిన్, లీ మెరిడియన్, ఫెయిర్‌ఫీల్డ్ అన్నీ అక్కడే ఉన్నాయి. వాటికి ప్రాణం ఐటీ కంపెనీల పనిమీద వచ్చేవాళ్లు. సోమవారం నుంచి గురువారం దాకా కిటకిట, శుక్రవారం సాయంత్రానికి సూట్‌కేసులన్నీ శంషాబాద్ దారి పడతాయి. గోవా బీచ్ హోటళ్లది సరిగ్గా దీనికి తలకిందుల లెక్క. శనాదివారాలు హైదరాబాద్‌లోనూ, వారం మధ్యలో గోవాలోనూ సర్టిఫికెట్ వాడుకున్నవాడు గది విలువ తెలిసినవాడు.

ఇక సంపాదన. కార్డు వచ్చినప్పటి నిబంధనల ప్రకారం ప్రతి 150 రూపాయలకూ మారియట్ హోటళ్లలో 8 పాయింట్లు, ప్రయాణాలకూ రెస్టారెంట్లకూ వినోదానికీ 4, మిగతా ఖర్చులకు 2. పెట్రోలుకు, వాలెట్‌లో డబ్బు వేసుకోవడానికి, ఈఎంఐలకు ఏమీ రావు. ఒక బిల్లు తీసుకుని చూద్దాం. గది అద్దె 10,000 రూపాయలు, జీఎస్టీతో 11,800. డాలరు 90 రూపాయలు అనుకుంటే అద్దె 111 డాలర్లు. హోటల్ తన వంతుగా డాలరుకు 10 పాయింట్లు ఇస్తుంది, అంటే 1,110 చిల్లర. కార్డుతో పాటు వచ్చే సిల్వర్ హోదాకు అందులో పదో వంతు అదనం, 111. కార్డు మాత్రం పన్నుతో కలిపిన మొత్తం మీద లెక్క కడుతుంది. 11,800లో 150లు 78 ఉన్నాయి, ఎనిమిదేసి చొప్పున 624. అన్నీ కలిపితే 1,845 దాటుతాయి. ఒకే బిల్లు మీద మూడు వైపుల నుంచి మూడు ధారలు వచ్చి ఒకే ఖాతాలో పడ్డాయి. అద్దె మీద ఒకటి, హోదా మీద ఒకటి, పన్నుతో సహా మొత్తం మీద ఒకటి. ఈ మూడింటినీ విడదీసి చూడగలిగితే ఎక్కడ ఏ కార్డు తీయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కిరాణా, కరెంటు బిల్లుల లాంటి మామూలు ఖర్చు మీద ఈ కార్డు గొప్పదేమీ కాదు. లక్షన్నర ఖర్చుకు 2,000 పాయింట్లు వస్తాయి. అక్కడ పనిచేసేది మెట్ల లెక్క. ఏడాదిలో ఖర్చు 6 లక్షలు చేరితే ఇంకో ఉచిత రాత్రి, 9 లక్షలకు మరొకటి, 15 లక్షలకు ఇంకొకటి. మెట్ల మధ్య ఎత్తు ఒకేలా లేదని గమనించండి. మొదటి మెట్టుకు 6 లక్షలు, రెండోదానికి 3 లక్షలే, మూడోదానికి మళ్లీ 6. మామూలు ఖర్చు మీద 3 లక్షలకు వచ్చే పాయింట్లు 4,000. ఆ రెండో మెట్టు దగ్గర మాత్రం అదే 3 లక్షలు 15,000 పాయింట్ల దాకా విలువ చేసే రాత్రిని కూడా వెంటబెట్టుకొస్తాయి. ఆరు దాటినవాడు తొమ్మిది దాకా ఆగకుండా నడవాలని కట్టిన మెట్లు ఇవి. తొమ్మిది దగ్గర ఆగి, మిగతా ఏడాది ఖర్చును వేరే కార్డు మీదికి మళ్లించడం వాడేవాడి పనితనం. ఎదుటివాడు అంత శ్రద్ధగా కట్టిన మెట్లను అంతే శ్రద్ధగా ఎక్కడమంటే నాకు ఇష్టం.

హోదా విషయానికొస్తే, అది ఏడాదిలో గడిపిన రాత్రుల లెక్క మీద వస్తుంది. ఆ లెక్కలోకి కార్డు ఏటా 10 రాత్రుల క్రెడిట్ ఇస్తుంది. సిల్వర్‌కు కావలసింది సరిగ్గా పదే. సిల్వర్‌తో ఒరిగేది కొంచెమే, టిఫిన్ కూడా రాదు. ఆ పది రాత్రుల ఉపయోగం పైమెట్లలో ఉంది. గోల్డ్‌కు 25 రాత్రులు, ప్లాటినమ్‌కు 50. పని మీద ఏడాదికి నలభై రాత్రులు హోటళ్లలో గడిపేవాడికి ఆ పదే ప్లాటినమ్ తలుపు తెరుస్తాయి.

నెల్లూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మా బంధువుల అమ్మాయి ఈ లెక్కలన్నీ ఫోన్‌లో ఒకే షీట్‌లో రాసుకుంటుంది. నేను చూసిన పొదుపు పుస్తకాల్లో అది చక్కటిది. మొదటి గడిలో సర్టిఫికెట్ గడువు తేదీ, ఎందుకంటే వచ్చిన ఏడాదిలోపు దాన్ని వాడెయ్యాలి. రెండో గడిలో ఖాతాలో చివరిసారి కదలిక వచ్చిన తేదీ. 24 నెలలు ఏ కదలికా లేకపోతే పాయింట్లన్నీ పోతాయి. కార్డు మీద ఒక్క ఖర్చు పెట్టి నాలుగు పాయింట్లు పడినా గడియారం మళ్లీ మొదలవుతుంది. మూడో గడిలో తర్వాతి మెట్టుకు ఎంత దూరం. నాలుగో గడి పైన ఎర్ర రంగు, అందులో బిల్లు కట్టాల్సిన తేదీ. మొదటిసారి వాళ్ల నాన్నగారిని సర్టిఫికెట్ మీద హోటల్‌కు తీసుకెళ్తానంటే ఆయన నమ్మలేదట.

“డబ్బు కట్టకుండా గది ఎవరిస్తారమ్మా? తక్కువ రకం గదేమో.”

“అదే గది నాన్నా. పక్క గది ఆయన డబ్బు కట్టాడు, మనం పోయినేడాది ఫీజు కట్టాం.”

అంతకన్నా క్లుప్తంగా ఈ వ్యవహారాన్ని ఎవరూ చెప్పలేరు. ఆ ఎర్ర గడికి ఆమె ఇచ్చిన ప్రాధాన్యం కూడా సరైనది. బిల్లు పూర్తిగా కట్టకుండా లక్ష రూపాయలు ఒక్క నెల మోస్తే, నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసుకున్నా, 3,500 పోతాయి. ఏడాది ఫీజు మళ్లీ ఒకసారి కట్టినట్టే. రెండు నెలలు మోస్తే ఉచిత రాత్రి విలువలో చాలా భాగం హరించుకుపోతుంది. ఎప్పటికప్పుడు బిల్లు తీర్చేవాళ్ల కోసమే ఈ కార్డు. తీర్చలేని ఇబ్బందిలో ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

అమెరికాలో ఉన్న మన పిల్లల చేతిలో ఇదే కుటుంబానికి చెందిన వేరే కార్డులుంటాయి. అక్కడి చేజ్ బ్యాంకు మారియట్ బౌండ్‌లెస్ కార్డుకు ఏడాదికి 95 డాలర్లు, ఏటా వచ్చే సర్టిఫికెట్ పరిమితి 35,000 పాయింట్లు. కార్డు ఏ దేశానిదైనా పాయింట్లు చేరేది బాన్‌వాయ్ ఖాతాలోకే, ఒక సభ్యుడు ఇంకొకరికి ఏడాదికి లక్ష పాయింట్ల దాకా బదిలీ చేయొచ్చు. డాలస్‌లో కొడుకు కూడబెట్టిన పాయింట్లతో తల్లిదండ్రులు హుస్సేన్ సాగర్ గట్టున ఉన్న మారియట్‌లో దిగొచ్చు. సర్టిఫికెట్ల సంగతి వేరు, అవి ఎవరి ఖాతాలో వస్తే అక్కడే ఉంటాయి. పాయింట్లు దండిగా ఉన్నవాళ్లు ఇంకో ఏర్పాటు గుర్తుంచుకోవాలి. పూర్తిగా పాయింట్లతోనే వరసగా ఐదు రాత్రులు బుక్ చేస్తే నాలుగింటికే పాయింట్లు తీసుకుంటారు. రాత్రికి 15,000 చొప్పున 75,000 కావలసిన చోట 60,000 చాలు. అందుకని సర్టిఫికెట్‌ను ఒంటరి రాత్రికి దాచి, పాయింట్లను ఐదు రాత్రుల సెలవుకు కూడబెట్టాలి. విమాన మైళ్లుగా మార్చుకునే దారీ ఉంది, చాలా విమాన సంస్థల విషయంలో మూడు పాయింట్లకు ఒక మైలు, 60,000 ఒకేసారి మారిస్తే 5,000 మైళ్లు అదనంగా కలిపి 25,000. టికెట్టుకు కొన్ని మైళ్లు తక్కువ పడినప్పుడు తప్ప ఆ మార్పిడిలో హోటల్ రాత్రికున్నంత విలువ దొరకదని నా అభిప్రాయం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇది డైనర్స్ క్లబ్ కార్డు, చిన్న ఊళ్లలో కొన్ని మెషిన్లు దీన్ని తీసుకోవు. విదేశీ కరెన్సీలో ఖర్చు పెడితే 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ పడతాయి. బ్యాంకాక్‌లో హోటల్ బిల్లుకు ఎనిమిదేసి పాయింట్లు వస్తున్నాయని మురిసిపోయే ముందు ఆ మార్కప్‌ను తీసి లెక్క చూసుకోవాలి.

రెన్యువల్ తేదీకి నెల ముందు కూర్చుని తేల్చుకోవాల్సింది ఒక్కటే: వచ్చే పన్నెండు నెలల్లో 15,000 పాయింట్ల లోపు గది దొరికే ఊరికి ఏ రాత్రికి వెళ్తాం? ఊరి పేరూ తేదీ వెంటనే తట్టితే ఫీజు కట్టొచ్చు. తట్టకపోతే కార్డు మూసేయొచ్చు. అప్పటిదాకా బాన్‌వాయ్ ఖాతాలో చేరిన పాయింట్లు బ్యాంకు దగ్గర ఉండవు కాబట్టి, కార్డు పోయినా అవి మీ పేరు మీదే ఉంటాయి.